అటక మీద బిందెలు

2024 డిసెంబర్ 4. పొద్దున ఏడున్నర కావస్తోంది. భద్రాచలం దగ్గర ఒక పల్లె. కోడలు టీ కాస్తోంది. ఉన్నట్టుండి కాళ్ల కింద నేల కదిలింది. గిన్నెలు గలగలలాడాయి. అందరూ వీధిలోకి పరుగెత్తారు.

ఆ రోజు ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 5.3.

"నా చిన్నప్పుడూ ఇట్లాగే వచ్చింది. అప్పుడు నాకు పదేళ్లు" అంది అత్త.

నిజమే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో భూకంపం వచ్చింది. దాని తీవ్రత 5.7.

కోడలు ఇంట్లోకి వచ్చి పైకి చూసింది. అటక మీద ఇత్తడి బిందెలు, పెద్ద గంగాళం. సరిగ్గా వాటి కిందే అత్త మంచం!

"అత్తయ్యా, బిందెలు దించేద్దాం."

"అవి మా పుట్టింటివాళ్లు పెట్టినవే. నలభై ఏళ్లు దాటింది. ఇన్నాళ్లూ పడలేదుగా?"

"సొట్టపోయిన బిందెను బాగు చేయించుకోవచ్చు. మీ తల పగిలితే?"

అత్త మాట్లాడలేదు. సాయంత్రం కోడలు నిచ్చెన ఎక్కింది. బిందెలు ఒక్కొక్కటీ అందించింది. అత్తే వాటిని తుడిచి కింద పెట్టుకుంది.

భూకంపం ఎప్పుడు వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. 1993 సెప్టెంబర్ 30న మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో తెల్లవారకముందే వచ్చింది. జనం నిద్రలో ఉన్నారు. రాతి గోడలు, బరువైన మట్టి కప్పులు మీద పడ్డాయి. వేలమంది చనిపోయారు. భూమి కదిలినందుకు కాదు, ఇల్లు కూలినందుకే ఎక్కువ ప్రాణాలు పోతాయి.

ముందే ఏం చేయాలి?

1. బరువైన సామాను కింద పెట్టాలి. బీరువాను గోడకు బిగించాలి.
2. గోడల పగుళ్లు బాగు చేయించాలి.
3. గ్యాస్, కరెంటు మెయిన్ ఎలా ఆపాలో ఇంట్లో పెద్దవాళ్లందరూ నేర్చుకోవాలి.
4. రేషన్ కార్డు, ఆధార్, పాసుపుస్తకం, మందులు, టార్చిలైటు ఒకే సంచిలో ఉంచాలి.

నేల కదిలితే ఏం చేయాలి?

గట్టి బల్ల కింద దూరి, దాని కాలు పట్టుకోవాలి. బల్ల లేకపోతే చేతులతో తల కాపాడుకోవాలి. మట్టి ఇంట్లో తలుపు పక్కనే ఉంటే ఆరుబయటికి రావాలి. గోడలకు, కరెంటు స్తంభాలకు దూరంగా నిలబడాలి. మళ్లీ మళ్లీ కదలవచ్చు. గోడలు బీటలు వారితే లోపలికి వెళ్లకూడదు. గ్యాస్ వాసన వస్తే అగ్గిపుల్ల గీయకూడదు, స్విచ్ వేయకూడదు. సాయానికి 112కు ఫోన్ చేయాలి.

ఆలోచించండి, చెప్పండి:
మీ ఇంట్లో ఎవరి తల పైన ఏముంది? ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి చూడండి.