అందరి కంప్యూటరు, ఒకరి తాళపుచెవి



ఈ వారం పాఠాన్ని నా పొరపాటుతోనే మొదలుపెడతాను. కొంతకాలం క్రితం ఒక శనివారం మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది.

మా విచారణ కార్యాలయంలో ఉన్నది ఒకే కంప్యూటరు. జ్ఞానస్నాన, వివాహ పుస్తకాల నకళ్ళు, కానుకల లెక్కలు అందులోనే ఉంటాయి. సాయంకాలం యువతీయువకులు పాటల పుస్తకం టైపు చేసేది దానిమీదే. లోతుకుంట నుండి, మచ్చబొల్లారం నుండి పిల్లలు వచ్చి స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపుకొనేదీ దానిమీదే. అందరికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు. ఆ పాస్‌వర్డు కూడా చీటీ మీద రాసి తెర పక్కన అతికించి ఉండేది! ఒకనాడు ఎవరో ఉచితంగా దొరికిందని ఏదో ప్రోగ్రాము ఎక్కించారు. మరునాటి నుండి తెర నిండా ప్రకటనలే. ఎవరు చేశారని అడిగితే జవాబు లేదు. అందరూ ఒకే పేరుతో లోపలికి వెళ్ళేవారాయె, ఎవరినని అడగడం?

నాకు కోపం వచ్చింది. విండోస్‌లో గ్రూప్ పాలసీ అనే భాగం తెరిచి, టైపు చేసే ప్రోగ్రాము, ఇంటర్నెట్ చూసే ప్రోగ్రాము తప్ప మరేదీ నడవకూడదని నియమం పెట్టాను. అరగంట గడవకముందే ఒక కుటుంబం వచ్చింది. అమ్మాయికి పెళ్ళి కుదిరింది, ఆమె జ్ఞానస్నాన పత్రం ఆ సాయంత్రానికే వేరే విచారణకు చేరాలి. రికార్డుల ప్రోగ్రాము తెరవబోయాను. ఈ పని నిషేధించబడింది, మీ నిర్వాహకుని సంప్రదించండి అని తెర మీద వచ్చింది. ఆ నిర్వాహకుణ్ణి నేనే! నియమాన్ని తీసివేద్దామంటే, తీసివేసే ప్రోగ్రాము కూడా ఆ నిషేధంలోనే చిక్కుకుంది. చివరకు బీరువాలోని పాత పుస్తకం తీసి, చేత్తో పత్రం రాసి, ముద్ర వేసి ఇచ్చాను. ఆ రాత్రి మన యువకుడొకడు వచ్చి చాలాసేపు శ్రమపడి కంప్యూటరును విడిపించాడు. "ఫాదర్, మీరు ఇంటికి తాళం వేసి చెవి లోపలే వదిలేశారు" అన్నాడు నవ్వుతూ.

ఇద్దరికీ ఒకే కొలత సరిపోదు

కంప్యూటరులో ఖాతాలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది అడ్మినిస్ట్రేటర్ ఖాతా, అంటే నిర్వాహకునిది. కొత్త ప్రోగ్రాములు ఎక్కించడం, ఇతరుల ఖాతాలు తెరవడం, మూసివేయడం ఈ ఖాతా అధికారాలు. రెండవది స్టాండర్డ్ ఖాతా, అంటే సాధారణ వినియోగదారునిది. ఈ ఖాతాలో తన పని తాను చేసుకోవచ్చు. కాని కంప్యూటరు మొత్తానికి వర్తించే మార్పులు చేయలేరు, ఇతరుల ఫోల్డర్లు తెరవలేరు.

మీసేవ కేంద్రం ఉదాహరణ చూడండి. 2011 నుండి మనకు తెలిసినదే. దరఖాస్తు తీసుకొనే వ్యక్తికి ఒక లాగిన్, దానిని ఆమోదించే తహసీల్దారుకు వేరొక లాగిన్ ఉంటాయి. కేంద్రంలోని అబ్బాయి ఎంత మంచివాడైనా ఆదాయ ధ్రువపత్రం మీద తహసీల్దారు డిజిటల్ సంతకం పెట్టలేడు. అది అతనిని అవమానించడం కాదు. పైగా అది అతనికి రక్షణ కూడా. పత్రంలో ఏదైనా మోసం జరిగితే అతనిని అనుమానించనక్కర లేదు.

ఇది కొత్త జ్ఞానమేమీ కాదు. 1960వ దశకం మొదట్లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే కంప్యూటరును అనేకులు పంచుకొనే పద్ధతి నిర్మించి, ఒక్కొక్కరికీ పాస్‌వర్డు ఇచ్చింది. 1962లోనే అక్కడి పరిశోధకుడొకరు, తనకు కేటాయించిన సమయం చాలక, అందరి పాస్‌వర్డుల జాబితాను ముద్రించి తీసుకున్నారు! 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సూత్రాన్ని స్పష్టంగా రాశారు. దాని సారం ఇది: ప్రతి వ్యక్తికీ, ప్రతి ప్రోగ్రాముకూ తన పనికి ఎంత అధికారం అవసరమో అంతే ఇవ్వాలి.

నేను చేయవలసింది ఇది

మామూలుగా గ్రూప్ పాలసీ తెరిచి పెట్టే నియమం ఆ కంప్యూటరు వాడే అందరి మీదా పడుతుంది, నిర్వాహకుడు కూడా అందులో ఒకడే. నేను తప్పిన మెట్టు అదే. విండోస్ విస్టా కాలం నుండి, అంటే 2007 నుండి, నిర్వాహకులు కానివారికి మాత్రమే వర్తించే వేరు నియమావళి పెట్టుకొనే సౌకర్యం ఉంది. విధానం ఇలా:

1. మొదట ప్రతి ఒక్కరికీ వారి పేరుతో స్టాండర్డ్ ఖాతా తెరవండి.

2. నిర్వాహకుని ఖాతాలో ఉండి, విండోస్ మీటతో పాటు ఆర్ అక్షరం నొక్కి, వచ్చిన పెట్టెలో ఎం.ఎం.సి. అని టైపు చేయండి.

3. ఫైల్ మెనూలో యాడ్ ఆర్ రిమూవ్ స్నాప్-ఇన్ ఎంచుకోండి. జాబితాలోని గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ ఎడిటర్‌ను చేర్చండి. అప్పుడు వచ్చే బ్రౌజ్ మీట నొక్కి, యూజర్స్ అనే పుటలో నాన్-అడ్మినిస్ట్రేటర్స్ అన్నది ఎంచుకోండి.

4. మీరు పెట్టదలచిన నియమాలన్నీ అక్కడే పెట్టండి. అందరికీ వర్తించే నియమావళిని తాకకండి.

5. లేచి వెళ్ళేముందు రెండు ఖాతాలలోకీ వెళ్ళి పరీక్షించండి. ఈ ఒక్క మెట్టు పాటించి ఉంటే నా శనివారం బాగుండేది.

ఈ గ్రూప్ పాలసీ విండోస్ ప్రో, ఎడ్యుకేషన్ వంటి రకాలలోనే ఉంటుంది. ఇళ్ళలో ఎక్కువగా కనిపించే హోమ్ రకంలో ఉండదు. అక్కడ పిల్లలకు స్టాండర్డ్ ఖాతాలు తెరిచి, మైక్రోసాఫ్ట్ వారి ఫ్యామిలీ సేఫ్టీతో సమయ పరిమితి పెట్టుకోవచ్చు. చాలా ఇళ్ళకు అది చాలు.

శ్రీసభ ఏమి చెబుతుంది?

1983 నాటి శ్రీసభ చట్టసంహిత చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మేత్రాసన పత్రాల భాండాగారానికి తాళం ఉండాలని, దాని చెవి పీఠాధిపతుల వద్ద, చాన్సలర్ వద్ద మాత్రమే ఉండాలని 487వ నియమం చెబుతుంది. రహస్య భాండాగారపు చెవి పీఠాధిపతుల వద్ద మాత్రమే ఉంటుందని 490వ నియమం. విచారణ పుస్తకాలను సరిగా రాయించి, జాగ్రత్తగా భద్రపరచే బాధ్యత విచారణ గురువుదని 535వ నియమం. ఆ పుస్తకాలలో ఒక కుటుంబపు కన్నీళ్ళు ఉండవచ్చు. దత్తత, రద్దయిన వివాహం వంటి సంగతులు పదిమంది చూడదగినవి కావు. వాటిని పాస్‌వర్డు చీటీ పక్కన వదిలివేసినవాడిని నేను. ప్రకటనల కంటే పెద్ద తప్పు అదే.

అయితే చెవి చేతిలో ఉన్నవాడికి అడ్డేది? నియమం అతని మీద పడదని ఇప్పుడే నేర్చుకున్నాము గదా! ఈ ప్రశ్న 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు వేసుకున్నారు. సుమ్మా థియొలాజికాలో ఆయన ఇచ్చిన జవాబు సారాంశం ఇది. చట్టానికి రెండు శక్తులున్నాయి. ఒకటి బలవంతంగా లోబరచుకొనేది, మరొకటి దారి చూపేది. పాలకుని బలవంతపెట్టే శక్తి చట్టానికి లేదు, ఎందుకంటే ఆ బలం దానికి ఇచ్చినవాడే పాలకుడు. కాని చట్టం చూపే దారికి అతడు తన ఇష్టపూర్వకంగా లోబడాలి. దేవుని తీర్పు ఎదుట అతనికి మినహాయింపు లేదు.

కంప్యూటరు నిర్వాహకునికీ ఇదే వర్తిస్తుంది. అతని చేతులు కట్టివేస్తే అమ్మాయి పెళ్ళి పత్రం ఆగిపోతుంది. కట్టకుండా వదిలితే అతడు తనను తానే కట్టుకోవాలి. అందుకే ఇప్పుడు నా రోజువారీ పని కూడా స్టాండర్డ్ ఖాతాలోనే చేస్తున్నాను. అవసరమైనప్పుడే నిర్వాహకుని ఖాతా తెరుస్తాను. రెండవ నిర్వాహక ఖాతా ఒకటి తెరిచి, దాని పాస్‌వర్డును కవరులో పెట్టి, అతికించి, బీరువాలో ఉంచాము. ఆ కవరు ఉన్న సంగతి విచారణ సలహా సంఘానికి తెలుసు. దానిని ఎవరు ఎప్పుడు తెరిచినా కనబడుతుంది.

ఇంటిలో

తల్లిదండ్రులారా, పిల్లలకు హద్దు పెట్టడం మీ హక్కు, మీ బాధ్యత కూడా. కాని రాత్రి పన్నెండు వరకు మీరు తెర చూస్తూ, పిల్లవాడికి మాత్రం తొమ్మిదింటికి తాళం వేస్తే, వాడు నేర్చుకొనేది హద్దు కాదు, పెద్దయ్యాక తాళం తన చేతికి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూడడం. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో పునీతునిగా ప్రకటించిన కార్లో అకుటిస్ 15 ఏళ్ళకే మరణించిన బాలుడు. కంప్యూటరు బాగా తెలిసినవాడు. వీడియో ఆటలకు వారానికి ఒక గంట మాత్రమే అని తనకు తానే హద్దు పెట్టుకున్నాడని చెబుతారు. మనం పెట్టే తాళాలన్నీ అటువంటి మనస్సును పెంచడానికే.

కుటుంబ ప్రార్థన తరువాత ఆలోచించండి:

1. మన ఇంటి కంప్యూటరులో ప్రతి ఒక్కరికీ వేరు ఖాతా ఉందా? పాస్‌వర్డు ఎక్కడ రాసి ఉంది?

2. పిల్లలకు పెట్టిన నియమాలలో పెద్దలు తమంతట తాము పాటిస్తున్నవి ఏవి?

3. తాళపుచెవి ఉన్నవారికి ఏదైనా జరిగితే రెండవ చెవి ఎక్కడుందో ఇంటిలో మరొకరికి తెలుసా?

యజమాని తిరిగి వచ్చినప్పుడు మెలకువగా కనబడిన నమ్మకమైన గృహనిర్వాహకుని గురించి లూకా సువార్త 12వ అధ్యాయాన్ని ఈ వారం కలిసి చదవండి. చిన్న పెట్టె మీదనైనా, పెద్ద ఇంటి మీదనైనా మనకు అప్పగించిన అధికారాన్ని నమ్మకంగా వాడుకొనే కృపను ప్రభువు మనకు దయచేయునుగాక.