ఆరోగ్యలక్ష్మి భోజనానికి తోడు ఒక జామపండు

ఝరాసంగం మండలంలోని గర్భిణులు, బాలింతల కోసం

ఆరోగ్యలక్ష్మి పథకం 2015 జనవరి 1న మొదలైంది. ఈ పథకం కింద అంగన్‌వాడీ కేంద్రంలో మీకు అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మి.లీ. పాలు పెడతారు. ఇందులో పండు లేదు. అది మీ ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

పండు ఎందుకు?
ఒంట్లో రక్తం పెరగాలంటే ఐరన్ కావాలి. పప్పు, ఆకుకూరల్లో ఐరన్ ఉన్నా మన ఒంటికి పట్టేది కొంచెమే. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది. రక్తం తక్కువుంటే కాన్పు సమయంలో తల్లికి ప్రమాదం. బిడ్డ బరువు తక్కువతో పుట్టొచ్చు.

ఏ పండు?
ఖరీదైన యాపిలే కొనాలని లేదు. 100 గ్రాముల జామపండులో సుమారు 200 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. అంతే యాపిల్‌లో 10 కూడా ఉండదు. జామ దొరకని రోజుల్లో ఉసిరికాయ, బత్తాయి తినండి. అవీ లేకపోతే కంచంలోని పప్పులో సగం నిమ్మకాయ పిండుకోండి.

ఎంత తినాలి?
హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 100 గ్రాముల పండ్లు తినమంటోంది. అంటే ఒక మామూలు సైజు జామపండు.

గుర్తుంచుకోండి
• పండు బాగా కడిగి, నమిలి తినండి. జ్యూస్ చేయొద్దు.
• భోజనం చేశాక గంట వరకు చాయ్ తాగొద్దు. అది ఐరన్‌ను పట్టనివ్వదు.
• పండు తింటున్నాం కదా అని ఐరన్ గోలీలు మానొద్దు.
• షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినాలో డాక్టర్‌ను అడగండి.

మీ హిమోగ్లోబిన్ ఎంతుందో ఏఎన్‌ఎంను అడిగి తెలుసుకోండి. గర్భిణికి 11 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత ఉన్నట్టే.