వ్రేలికొన దిద్దిన అక్షరము

మీ తరగతిలో ఒక విద్యార్థి కలడనుకొనుడు. కథ చెప్పినచో శ్రద్ధగా వినును. ప్రశ్న అడిగినచో నోటితో చక్కగా బదులు చెప్పును. పుస్తకము చేతికిచ్చినప్పుడు మాత్రము తడబడును. 'పని'ని 'వని' అని చదువును, ఒత్తులను విడిచివేయును. వానిని మొద్దు అనవచ్చునా? కూడదు. అది సోమరితనము కాదు. తెలివి లేమియు కాదు. కంటికి కనబడిన అక్షరమును దాని ధ్వనితో జతపఱచుటలో కలుగు చిక్కు. దీనిని డిస్లెక్సియా అందురు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్ల వైద్యుడు, తెలివిగలవాడయ్యు చదువ నేర్వలేని 14 ఏండ్ల బాలుని గూర్చి వ్రాసెను. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి అభ్యసన వైకల్యములను గుర్తించినది.

పూర్వము వీధిబడులలో పిల్లలు ఇసుకపై వ్రేలితో అక్షరములు దిద్దెడివారు. కన్ను చూచును, వ్రేలు కదలును, నోరు పలుకును, చెవి వినును. ఈ నాలుగును కలిసి పనిచేసినచో అక్షరము మనసున నిలుచును. నేడు వ్రేలి స్పర్శతో పనిచేయు ట్యాబు ఆ యిసుకకు తోడైనది. దాని తెరలో విద్యుత్తును ప్రసరింపజేయు పలుచని పొర కలదు. వ్రేలు సోకినచోట విద్యుదావేశము మారును. దానినిబట్టి యంత్రము ఆ చోటును గుర్తించును. పిల్లవాడు 'ప' దిద్దగా గీత కనబడును, ధ్వని వినబడును. తప్పినచో చెరిపి నూఱుమారులైనను దిద్దవచ్చును; అది విసుగుకొనదు. అక్షరములను పెద్దవి చేయవచ్చును. పంక్తుల నడుమ ఎడము పెంచవచ్చును. పాఠమును బిగ్గరగా చదివించుకొని వినవచ్చును.

2022, 2023 సంవత్సరములలో బందరు, గుడివాడ, దివిసీమలతోపాటు రాష్ట్రమంతటను ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులు పంచిరి. అవి ఈ పిల్లలకొఱకే ఉద్దేశించినవి కావు. అయినను కన్నుతోపాటు చెవికిని పని కల్పించు పాఠము వీరికి మేలు చేయగలదు.

కాని యంత్రము ఒంటరిగా చదువు నేర్పజాలదు. పిల్లవాడు ఏ అక్షరమువద్ద ఆగుచున్నాడో గమనించి, తగిన అభ్యాసమును ఎంచవలసినవాడు గురువే. ఆటలకు మరలినచో ట్యాబు కాలమును హరించును. గాలివానకు విద్యుత్తు నిలిచిన దినమున మరల ఇసుకయే పలక కావలెను.

బందరు చెంతనున్న పెడనలో కలంకారీ వస్త్రములు అద్దుదురు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క అచ్చు కావలెను. ఒకే అచ్చుతో వస్త్రము పూర్తికాదు. చదువు నేర్పుటయు అట్టిదే.

కనుక సహపాఠి తడబడినప్పుడు నవ్వకుడు. మాట పూర్తియగువఱకు ఆగుడు. ట్యాబు పాఠమును వినిపింపగలదు కాని, స్నేహితుడై ప్రక్కన కూర్చుండలేదు. ఆ పని మీది.