నోడ్ ఆగినా నెట్‌వర్క్ ఆగకూడదు!

సెన్సర్‌తో ఉష్ణోగ్రత కొలిచి ఫోన్‌లో చూపించే ప్రాజెక్టు ఈసీఈ, సీఎస్‌ఈ విద్యార్థులు చాలామందే చేస్తున్నారు. పొలంలోనో ఫ్యాక్టరీలోనో పెట్టిన వంద సెన్సర్లలో నాలుగు చెడిపోయినా మిగతా వాటి డేటా అందేలా చూడగలిగేవారు మాత్రం తక్కువ. ఎంబెడెడ్ రంగంలో స్థిరపడాలనుకునేవారు దృష్టి పెట్టాల్సింది ఇక్కడే.

నెట్‌వర్క్ ఎందుకు తెగిపోతుంది?

2002లో అమెరికాలోని మెయిన్ తీరాన గ్రేట్ డక్ ఐలాండ్‌లో పరిశోధకులు సముద్రపక్షుల బొరియల్లో సెన్సర్ నోడ్లు అమర్చారు. తడి తగిలి కొన్ని మూగబోయాయి. అవి ఆగిపోవడానికి ముందే వాటి తేమ రీడింగులు గాడి తప్పాయని తర్వాతి విశ్లేషణలో తేలింది. అంటే రీడింగులను గమనిస్తుంటే ఏ నోడ్ పోబోతోందో ముందే పసిగట్టవచ్చు.

బ్యాటరీది మరో సమస్య. బేస్ స్టేషన్‌కు దగ్గరగా ఉన్న నోడ్లు దూరపు వాటి డేటానూ మోయాలి కాబట్టి వాటి ఛార్జ్ ముందుగా అయిపోతుంది. ఒక్క నోడ్ పోతే నెట్‌వర్క్ రెండు ముక్కలయ్యే చోట్లూ ఉంటాయి. గ్రాఫ్ థియరీలో వీటినే ఆర్టిక్యులేషన్ పాయింట్లు అంటారు. డేటా స్ట్రక్చర్స్‌లో చదివే డెప్త్ ఫస్ట్ సెర్చ్‌తోనే వీటిని గుర్తించి, అక్కడ అదనపు నోడ్ పెట్టవచ్చు.

నోడ్ పోయినప్పుడు డేటాను మరో దారికి మళ్లించే పని రూటింగ్ ప్రోటోకాల్‌ది. 2012లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ప్రమాణంగా వచ్చిన ఆర్‌పీఎల్ ప్రోటోకాల్‌లో ప్రతి నోడ్ ఒక పేరెంట్‌ను ఎంచుకుంటుంది. ఆ పేరెంట్ అందకపోతే అందుబాటులో ఉన్న మరో నోడ్‌కు మారుతుంది.

ఏం నేర్చుకోవాలి?

- సి భాషపై గట్టి పట్టు, లాగ్‌ల విశ్లేషణకు పైథాన్
- ఫ్రీఆర్‌టీఓఎస్, జెఫైర్ వంటి ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్)లలో ఒకటి
- ఐఈఈఈ 802.15.4, ఐపీవీ6 ప్రాథమికాంశాలు
- సెన్సర్ నోడ్ల ఆపరేటింగ్ సిస్టమ్ కాంటికీ-ఎన్‌జీ, దాని సిమ్యులేటర్ కూజా (రెండూ ఉచితం)

ఐఓటీ, సెన్సర్ నెట్‌వర్కులపై ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ఖరగ్‌పూర్ పాఠాలున్నాయి. ఇంజినీరింగ్ డిగ్రీ తర్వాత సీ-క్యాట్ ప్రవేశపరీక్ష రాసి సీడాక్‌లో ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ డిప్లొమాలో చేరవచ్చు. పరిశోధనపై ఆసక్తి ఉంటే ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌ను పరిశీలించండి. అక్కడి క్యాంపస్‌లోనే స్మార్ట్ సిటీ లివింగ్ ల్యాబ్ ఉంది.

కొలువులు ఎక్కడ?

స్మార్ట్ మీటర్లు, వీధిదీపాల నియంత్రణ, పరిశ్రమల్లో యంత్రాల పర్యవేక్షణ, కచ్చిత సేద్యం... వీటన్నిటికీ ఫర్మ్‌వేర్, నెట్‌వర్క్ ప్రోటోకాల్, టెస్టింగ్ ఇంజినీర్లు కావాలి.

ప్రాజెక్టు ఇలా చేయండి

కూజాలో పాతిక నోడ్లతో నెట్‌వర్క్ నిర్మించండి. డేటా అంతా చేరే రూట్ నోడ్‌కు దగ్గర్లోని ఒక నోడ్‌ను తొలగించండి. ఎన్ని ప్యాకెట్లు పోయాయి, మళ్లీ కలవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, ఎంత విద్యుత్ అదనంగా ఖర్చయింది... ఈ మూడూ నమోదు చేయండి. తర్వాత ఆర్టిక్యులేషన్ పాయింట్ దగ్గర ఒక నోడ్ చేర్చి, అదే ప్రయోగం చేసి మళ్లీ కొలవండి. ఆ రెండు ఫలితాలనూ పక్కపక్కన పట్టికగా రెజ్యూమెలో పెట్టండి. ఇంటర్వ్యూలో మీ పనితనం గురించి ఆ పట్టికే చెబుతుంది. ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి.