తాడా? పామా? – ఒక చిన్న లెక్క

పాము అనగానే ఈ నెల పైథాన్ భాష గురించి రాస్తున్నాననుకుంటారేమో! కాదండీ, ఈసారి నిజం పామే. మా ఇంటి వెనక ఏసీ యూనిట్ పక్కన ఎండుటాకుల్లో చుట్ట చుట్టుకుని పడుకున్న పాము. అయినా ఇది టెక్నాలజీ శీర్షికే కాబట్టి, కథ చెప్పాక లెక్క కూడా చెబుతాను.

మేముండేది డాలస్ శివారులో. ఇంటి వెనక చిన్న వాగు, దాని వెంట చెట్లు. ఏప్రిల్ నెల. తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మా నాన్నా వచ్చి అప్పటికి నెల రోజులైంది. ఓ సాయంత్రం బంతి కోసం వెనక్కి పరిగెత్తిన మా ఐదేళ్ళ పాప ఆగిపోయి "తాతయ్యా, రోప్!" అని పిలిచింది.

నాన్న వెళ్ళి చూశారు. మరుక్షణంలో పాపని చంకనెత్తుకుని వెనక్కి వచ్చేశారు.

"ఒరేయ్, తాడు కాదురా, పొడపాము! పాపని లోపలికి తీసుకెళ్ళు."

మా వైపు రక్తపింజరనే పొడపాము అంటారు. నాకు నవ్వొచ్చింది. "నాన్నా, ఈ దేశంలో రక్తపింజరలు ఉండవు" అన్నాను. జేబులోంచి ఫోన్ తీసి, నిలబడ్డ చోటు నుంచే ఒక ఫొటో తీసి, ఓ ఉచిత యాప్‌లో వేశాను. రెండు సెకన్లలో జవాబు వచ్చింది: ర్యాట్ స్నేక్, 78 శాతం. అంటే మన జెర్రిపోతుకి దూరపు చుట్టం, విషం లేనిది. ఇంకేం! ఆకులు ఊడ్చే రేక్ తీసుకుని దాన్ని వాగువైపు తోసేద్దామని బయల్దేరాను.

నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. "దాని పేరు నాకూ తెలీదు, నీకూ తెలీదు. తెలీనంత సేపూ అది విషప్పామే. వెనక్కి రా."

పెద్దాయన మాట కాదనలేక ఆగాను. మా కాలనీవాళ్ళు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే, పాములు పట్టే ఆయన నలభై నిమిషాల్లో వచ్చాడు. పొడుగాటి పటకారుతో దాన్ని ఎత్తి బకెట్లో వేసి మూత పెట్టాక చెప్పాడు: కాపర్‌హెడ్. విషం ఉన్నదే!

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. నాన్న చెప్పిన పేరు తప్పు, తీసుకున్న నిర్ణయం ఒప్పు. రక్తపింజరలు ఇక్కడ ఉండవన్న నా మాట ఒప్పు, చేయబోయిన పని తప్పు. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చేసిన నేను ఎక్కడ పొరబడ్డాను? ఆ ప్రశ్నకి జవాబే ఈ వ్యాసం.

రెండు రకాల తప్పులు

రజ్జు సర్ప భ్రాంతి గురించి మీరు వినే ఉంటారు. మసక చీకట్లో తాడుని చూసి పాము అనుకోవడం. వేదాంతులు దీన్ని మాయకి ఉదాహరణగా చెబుతారు. మా భాషలో దీన్ని ఫాల్స్ పాజిటివ్ అంటాం. మా పాప చేసింది దీనికి తలకిందులు: పాముని చూసి తాడు అనుకుంది. అది ఫాల్స్ నెగటివ్. నేను చేసిందీ అదే, కాకపోతే నా చేతిలో ఫోన్ ఉంది, అంతే తేడా!

ఈ రెండూ తప్పులే. కానీ రెండింటికీ మనం చెల్లించే మూల్యం ఒకటి కాదు. తాడుని పాము అనుకుంటే కాసేపు గుండె దడ. పాముని తాడు అనుకుంటే ఆసుపత్రి.

దీన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. అనవసరంగా భయపడి దూరంగా ఉండటానికి ఖర్చు 1 అనుకోండి (మాకైతే భోజనం చల్లారింది). విషప్పాము దగ్గరికి వెళ్ళడానికి ఖర్చు 100 అనుకోండి. ఈ అంకెలు నేను వేసుకున్నవే, మీరు మార్చుకోవచ్చు. యాప్ 78 శాతం విషం లేనిదని చెప్పింది. మిగిలిన 22 శాతాన్నీ విషం ఖాతాలో వేద్దాం.

దగ్గరికి వెళ్తే ఖర్చు: 0.22 × 100 = 22
దూరంగా ఉంటే ఖర్చు: 0.78 × 1 = 0.78

చూశారా! 78 శాతం నమ్మకం ఉన్నా దూరంగా ఉండటమే దాదాపు ఇరవై ఎనిమిది రెట్లు చవక. రెండు ఖర్చులూ సమానం కావాలంటే విషం ఉండే అవకాశం నూటికి ఒకటికి పడిపోవాలి. అంటే, "విషం లేదు" అని 99 శాతం నమ్మకం కుదిరినా ఆ పాము జోలికి వెళ్ళడానికి అది బొటాబొటీగానే సరిపోతుంది. నాన్న ఈ లెక్క వెయ్యకుండానే జవాబు చెప్పారు.

పాముల ఫొటోలను గుర్తుపట్టే ప్రోగ్రాములకి 2020లో స్నేక్‌క్లెఫ్ అనే పోటీ మొదలైంది. 2023 పోటీలో తప్పులకి వేరు వేరు శిక్షలు పెట్టారు. విషం లేని ఒక జాతిని విషం లేని మరో జాతిగా పొరబడితే 1. విషం లేనిదాన్ని విషప్పాము అంటే 2. ఒక విషప్పాముని మరో విషప్పాము అనుకుంటే 2. విషప్పాముని విషం లేనిది అంటే మాత్రం 5. నాన్నది రెండు పాయింట్ల తప్పు, నాది ఐదు పాయింట్ల తప్పు అన్నమాట!

యాప్ ఎందుకు పొరబడింది?

యాప్‌ని తిట్టి లాభం లేదు. పాము సగం ఆకుల కింద ఉంది. ఫొటో మసకగా ఉంది. పైగా బ్యాటరీ మిగుల్చుకుందామని లొకేషన్ ఆపేశాను.

మా డాలస్ వైపు కాపర్‌హెడ్‌కి ఒంటి మీద వెడల్పాటి గోధుమరంగు పట్టీలుంటాయి. అవి వీపు మీద నుంచి పక్కలకి దిగుతాయి. (జార్జియా, నార్త్ కరోలినా వైపు వాటికి ఆ పట్టీలు వీపు మీద సన్నబడి, పైనుంచి చూస్తే డమరుకంలా ఉంటాయి.) ర్యాట్ స్నేక్ పిల్లలకి వీపు మీద విడివిడి మచ్చలుంటాయి. తేడా తెలియాలంటే పక్కలు కనపడాలి. నా ఫొటోలో కనపడనివి అవే.

ఇంకో సంగతి. ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు తమకి తెలిసిన పేర్ల మధ్య నూరు మార్కుల్ని పంచుతాయి. "నాకు తెలియదు" అనే పేరు ఆ జాబితాలో లేకపోతే, తెలియనప్పుడు కూడా ఎవరో ఒకరికి మార్కులు వెయ్యాల్సిందే. కాబట్టి 78 అంటే నూటికి డెబ్భై ఎనిమిదిసార్లు నిజమవుతుందన్న హామీ కాదు.

ముందు ఊరు, తర్వాత రంగు

పాముని గుర్తు పట్టడంలో మొదటి ప్రశ్న "రంగేమిటి" కాదు, "ఎక్కడ కనపడింది" అన్నది. బేస్ సూత్రం చదువుకున్నవాళ్ళు దీన్ని ప్రయర్ అంటారు. బ్రిటన్‌లో ఉన్న మిత్రులకి పని సులువు. అక్కడ అడవుల్లో సహజంగా ఉండే విషప్పాము ఒక్కటే, యాడర్. అమెరికాలో నాలుగు వర్గాలు గుర్తుంచుకోవాలి: ర్యాటిల్ స్నేక్, కాపర్‌హెడ్, కాటన్‌మౌత్, కోరల్ స్నేక్. ఇండియాలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న రక్తపింజర.

మనం ఒక చోట నేర్చుకున్న గుర్తులు ఇంకో చోట పనికిరాకపోవడం ఇక్కడే మొదలవుతుంది. బాగా చలామణిలో ఉన్న కొన్నింటిని చూడండి:

1. "తల త్రికోణంగా ఉంటే విషం." నాగుపాముకీ, కట్లపాముకీ, కోరల్ స్నేక్‌కీ త్రికోణం తల లేదు. అమెరికాలో విషం లేని నీటిపాములు మాత్రం భయపడితే తలని చదును చేసి త్రికోణంలా చూపిస్తాయి.

2. "కంటిపాప నిలువుగా ఉంటే విషం." పై మూడింటికీ కంటిపాప గుండ్రమే. అయినా కంటిపాప కనిపించేంత దగ్గరికి వెళ్ళారంటే మీరు అప్పటికే పొరపాటు చేసినట్టు!

3. "తోక గిలక్కాయలా మోగితే ర్యాటిల్ స్నేక్." ర్యాట్ స్నేక్ కూడా ఎండుటాకుల్లో తోక ఆడించి అలాంటి చప్పుడే చేస్తుంది. నిజం ర్యాటిల్ స్నేక్ ఒక్కోసారి మోగించకుండానే కాటేస్తుంది.

4. "ఎరుపు పక్కన పసుపు ఉంటే విషం, ఎరుపు పక్కన నలుపు ఉంటే ఫరవాలేదు." కోరల్ స్నేక్ గురించి అమెరికా పిల్లలు నేర్చుకునే గుర్తు ఇది. దక్షిణ అమెరికాకి వెళ్తే చెల్లదు. ఇక్కడ కూడా రంగులు తేడాగా పుట్టిన పాములుంటాయి.

5. "చారలుంటే కట్లపాము." ఇండియాలో విషం లేని వుల్ఫ్ స్నేక్‌కీ చారలుంటాయి. దాని చారలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోకవైపు మాసిపోతాయి. కట్లపాము తెల్లచారలు తలకి కాస్త దూరంలో మొదలై తోకవైపు స్పష్టమవుతాయి, సాధారణంగా జంటలుగా ఉంటాయి. ఫొటో చూస్తూ తేల్చుకోవడానికి ఇది మంచి గుర్తు. అర్ధరాత్రి టార్చిలైటు వెలుతురులో కాదు.

విశాఖపట్నంలో మొదలైన పని

ఈ సమస్య మీద మొదట పద్ధతిగా కూర్చున్నవాళ్ళలో ఒకాయన మన తెలుగునేల మీదే పనిచేశాడు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. విషప్పాముల్నీ, విషం లేని వాటినీ వేరు చేసి చూపిస్తే జనానికి మేలని పూనుకున్నాడు. పాముల్ని తెప్పించుకుని, బొమ్మలు వేయించి, స్థానికులు చెప్పిన పేర్లు రాసుకున్నాడు. కోరమాండల్ తీరపు పాముల మీద ఆయన పుస్తకం 1796లో వచ్చింది. రక్తపింజరని ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అనేది ఆయన పేరు మీదే. దానికి ఆయన రాసుకున్న తెలుగు పేరు "కాటుక రేకుల పొడ". నాన్న నోట వచ్చిన పొడపాము ఆ పొడే! కట్లపాముల శాస్త్రీయనామం బంగారస్ కూడా మన "బంగారు"లోంచి వచ్చిందే.

అంటే ఆయన పుస్తకంలో ఉన్న డేటా మన ఊళ్ళవాళ్ళ డేటా. నాన్న తెచ్చింది కూడా అదే. దాని పరిధి కోరమాండల్ తీరం, డాలస్ కాదు. అయినా ఆ డేటా వెనకున్న జాగ్రత్త మాత్రం ఎక్కడైనా చెల్లింది.

మీ ఇంటి దగ్గర కనపడితే

1. ముందు పిల్లల్ని, కుక్కని లోపలికి పంపండి. మీరు కనీసం పది అడుగుల దూరంలో ఆగండి.

2. జూమ్ చేసి ఫొటో తియ్యండి. ఒళ్ళంతా, పక్కలు, తోక కనపడితే మంచిది. కనపడకపోతే దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు.

3. యాప్ వాడితే లొకేషన్ ఇవ్వండి. అది చెప్పిన మొదటి పేరుతో ఆగకండి. జాబితాలో కింద ఎక్కడైనా విషప్పాము పేరుందేమో చూడండి. ఉంటే అదే జవాబు అనుకోండి.

4. పాములు పట్టేవాళ్ళకి గానీ, మీ ఊరి యానిమల్ కంట్రోల్‌కి గానీ ఫోన్ చెయ్యండి. ఈలోగా అది ఎటు వెళ్తోందో దూరం నుంచి గమనిస్తుంటే చాలు. చాలాసార్లు దానంతట అదే వెళ్ళిపోతుంది.

5. చంపబోకండి. పాముని కదిలించబోయి, చంపబోయి కాటు తిన్నవాళ్ళున్నారు. తల తెగిన పాము కూడా కొంతసేపు కరవగలదు. 2018లో టెక్సస్‌లోనే, కార్పస్ క్రిస్టీ దగ్గర, ఒకాయన ర్యాటిల్ స్నేక్ తల నరికాక దాన్ని తీసి పారేయబోతే ఆ తలే కాటేసింది. ఆయనకి 26 డోసుల విరుగుడు మందు పట్టింది.

ఒకవేళ కాటు పడితే కొయ్యడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, ఐస్ పెట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, కదలకుండా ఉంచి, అమెరికాలో 911కి, మన రాష్ట్రాల్లో 108కి ఫోన్ చెయ్యండి. పాముని పట్టి డాక్టరుకి చూపించాలన్న పట్టుదల అక్కర్లేదు. ఇండియాలో ఇచ్చే విరుగుడు పై నాలుగు పాములకీ కలిపి తయారైనదే. అమెరికాలోనూ కోరల్ స్నేక్ తప్ప మిగతా మూడు వర్గాలకీ ఒకే మందు పనిచేస్తుంది. ఇంకో హెచ్చరిక: కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పుట్టదు. నొప్పి లేదని నిద్రపోవద్దు.

అమెరికాలో ఏటా 7,000 నుంచి 8,000 మందిని విషప్పాములు కరిస్తే చనిపోయేది అయిదుగురి దాకా. ఇండియాలో 2000 నుంచి 2019 వరకు సగటున ఏడాదికి 58,000 మంది పాముకాటుతో పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఎక్కువ మరణాలున్న ప్రాంతాల్లో మన తెలుగునేల కూడా ఉంది. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఈ నెల ఫోన్ చేసినప్పుడు ఒక్కసారి అడగండి: రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకుని నడుస్తున్నారా, దోమతెర కట్టుకుని పడుకుంటున్నారా అని. కట్లపాము పక్కలోకి రాకుండా కాపాడేది ఆ దోమతెరే.

నాన్న ఊరెళ్ళిపోయారు. పాప మాత్రం ఇప్పుడు పెరట్లో నీళ్ళ గొట్టం కనపడినా ఆగి, "తాతయ్య చెప్పాడు, చూడు నాన్నా" అని నన్ను పిలుస్తోంది. ప్రతిసారీ ఫాల్స్ పాజిటివే. ప్రతిసారీ లేచి వెళ్తున్నాను. ఖర్చు ఒక్క పాయింటే కదా!

వచ్చే నెల మరో విషయంతో కలుద్దాం.