లాలాజలంలో పేగువ్యాధి ఆనవాళ్లు

తల్లిపాలు మాన్పించిన తొలిరోజులు పందిపిల్లకు గండకాలం. తల్లి ఇచ్చే రక్షణ పోతుంది, మేత మారుతుంది. ఆ అదనులో ఈ.కోలై క్రిములు పేగులలో పెచ్చుపెరిగి పారుడు వ్యాధి కలిగిస్తాయి. ఒకదానికి రాగానే మందంతటికీ యాంటీబయాటిక్ పెట్టడం పలుచోట్ల వాడుక. దీనివల్ల మందుకు లొంగని క్రిములు పుట్టి, కొట్టం దాటి నగరంలోని మన వరకూ వస్తాయి. మనుషుల చికిత్సలో చివరి ఆసరాగా దాచుకొనే కొలిస్టిన్‌ను ఆహారపు జంతువులకు వాడరాదని 2019లో భారత ప్రభుత్వం నిషేధించినది ఇందుకే.

వ్యాధి సోకిన జంతువును వేరుగా గుర్తించగలిగితే ఆ వాడకం తగ్గుతుంది. అందుకు లాలాజలం తోడ్పడగలదని స్పెయిన్ దేశపు ముర్సియా విశ్వవిద్యాలయ పరిశోధనలు సూచిస్తున్నాయి. దేహంలో వాపు పుట్టినప్పుడు న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు కాల్‌ప్రొటెక్టిన్ అనే మాంసకృత్తును విడుస్తాయి. హాప్టోగ్లోబిన్ అనే మరొకటి కూడా పెరుగుతుంది. పారుడుతో బాధపడే పందిపిల్లల లాలాజలంలో ఇటువంటివి ఆరోగ్యవంతమైన వాటికంటె అధికంగా కనబడ్డాయి.

సేకరణ సులభం. స్పాంజి ముక్కను నమలనిస్తే చాలును. మందకైతే నూలుతాడు వేలాడదీస్తారు. నమలడం పందికి ఎలాగూ ఇష్టమే! సూదిపోటు లేదు, పట్టి అదిమిపెట్టే పెనుగులాట లేదు. ఆ బెదురే కొన్ని కొలతలను తారుమారు చేయగలదు.

అయితే ఈ మాంసకృత్తులు వాపు ఉన్నదని తెలుపుతాయే గాని, కారణమైన క్రిమి ఏదో తెలుపవు. ఇతర అంటువ్యాధులలోనూ ఇవి పెరుగుతాయి. కనుక మలపరీక్ష తప్పదు. ఏ మందుకు ఆ క్రిమి లొంగునో ప్రయోగశాలలో తేలవలసినది దానితోనే.