వాంపైర్ నవల నేర్పే ఒక రూల్

ఫాంటసీ రాయాలని మన క్లబ్‌లో చాలామందికి ఉంది. మన డ్రాఫ్టుల్లో హీరోకి పవర్స్ బోలెడు. కానీ నాలుగు పేజీలు దాటేసరికి కథ నీరసపడిపోతుంది. ఎందుకంటే ఆ పవర్స్ కోసం హీరో ఏమీ పోగొట్టుకోడు. ఈ విషయం నాకు బాగా అర్థమైంది పిల్లల కోసం రాసిన ఒక వాంపైర్ నవలలో. పేరు 'సర్క్ డ్యూ ఫ్రీక్'. 2000లో వచ్చింది. మొత్తం 12 పుస్తకాల సిరీస్‌లో ఇది మొదటిది. రాసింది డారెన్ షాన్ అనే ఐరిష్ రచయిత. కథ చెప్పే కుర్రాడి పేరు కూడా డారెన్ షానే!

కథలో ముడి

డారెన్, అతని ఫ్రెండ్ స్టీవ్ రహస్యంగా ఒక వింత సర్కస్‌కి వెళ్తారు. అక్కడ విషపు సాలీడుతో ఆట ఆడించే క్రెప్‌స్లీ నిజానికి వాంపైర్ అని స్టీవ్ గుర్తుపడతాడు. నన్నూ వాంపైర్‌ని చెయ్యమని బతిమాలతాడు. క్రెప్‌స్లీ అతని రక్తం రుచి చూసి, ఇది చెడ్డ రక్తం అని పొమ్మంటాడు.

ఇదంతా చాటుగా విన్న డారెన్ ఆ సాలీడును దొంగిలిస్తాడు. అది స్టీవ్‌ని కుడుతుంది. విరుగుడు క్రెప్‌స్లీ దగ్గరే ఉంది. దానికి ధర? డారెన్ సగం వాంపైర్‌గా మారి అతని అసిస్టెంట్‌గా వెళ్లాలి.

చూడండి, కోరుకున్నవాడికి దొరకలేదు, వద్దన్నవాడి నెత్తిన పడింది. నాకైతే నవల మొత్తంలో అసలు బలం ఇక్కడే ఉందనిపించింది.

రూల్స్ తక్కువ, ఖరీదు ఎక్కువ

ఈ వాంపైర్లకి సినిమాల్లోలా కోరలుండవు. గోళ్లతో చిన్న గాటు పెట్టి కొంచెం రక్తం తాగుతారు, ఉమ్మితో ఆ గాటు మాన్పేస్తారు. మనిషిని చంపరు. మరి భయం ఎక్కడుంది?

ఇంట్లో ఉంది. దెబ్బ తగిలిన ఫ్రెండ్ కాలి నుంచి రక్తం కారుతుంటే డారెన్ నోరు పెట్టేస్తాడు. ఇక ఇంట్లో ఉంటే చెల్లి అన్నీకి కూడా ప్రమాదమే అని అర్థమవుతుంది. అందుకే చచ్చిపోయినట్టు నటించి, సమాధిలోకి వెళ్లి, రాత్రికి క్రెప్‌స్లీ తవ్వి తీస్తే బయటికొస్తాడు. పైగా ఐదేళ్లు గడిస్తే సగం వాంపైర్ ఒంటికి ఏడాది వయసే పెరుగుతుంది. అంటే చెల్లి పెద్దదైపోతుంది, అన్న మాత్రం పిల్లాడిగానే ఉండిపోతాడు. రక్తం కంటే ఈ లెక్కే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మన బేతాళుడి దగ్గరా ఇదే

1870లో రిచర్డ్ బర్టన్ మన బేతాళ కథల్ని ఇంగ్లీషులో 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అనే పేరుతో తిరగరాశాడు. నిజానికి బేతాళుడికి రక్తంతో పని లేదు, అతను శవంలో దూరి ప్రశ్నలు వేస్తాడు. పేరు సరిగ్గా అతకకపోయినా, కథ నడిచే తీరు మాత్రం ఒకటే. జవాబు తెలిసీ విక్రమార్కుడు నోరు విప్పకపోతే తల పగులుతుంది. విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు వెళ్లినా నష్టమే. డారెన్ పరిస్థితీ అంతే: ఒప్పుకోకపోతే స్నేహితుడు పోతాడు, ఒప్పుకుంటే ఇల్లు పోతుంది.

నాలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్లకి ఫాంటసీ అంటే బయటి సరుకు అనిపిస్తుంది. కానీ దాన్ని నడిపించే ఇంజిన్ మన చందమామ కథల్లో ఎప్పటి నుంచో ఉంది.

మీ వంతు

కథ మొదలుపెట్టే ముందు కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. ఒకటి, మీ హీరోకి ఏం దొరుకుతుంది? రెండు, దానికోసం అతను ఎవరికి దూరమవుతాడు? రెండో వాక్యంలో 'ఎవరికీ కాదు' అని వస్తే, ఆ పవర్ కొట్టేసి ఇంకొకటి ఆలోచించండి. జవాబుగా ఒక మనిషి పేరు వచ్చిందా? ఇక రాయడం మొదలుపెట్టొచ్చు.